మా మరిది చెడగొట్టని బండి

పాణ్యం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఇడ్లీ రేకులకు నూనె రాస్తున్నాను. ట్రాక్టర్ల షెడ్డు యజమాని మాట్లాడాడు. "అమ్మా, మా షెడ్డులో గ్రీజు పని చేస్తాండే ఆయప్ప మీ ఇంటి మనిషేనంట గదా. పొద్దున్నే వచ్చి ట్రాక్టర్ కిందికి దూరినాడు. ఎంతసేపటికీ బయటికి రాల్యా" అన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే గుండె ఆగిపోయిందట. ఆయనకు నలభై మూడేళ్లు. నా మరిది. మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ ఫోనులో చావు కబురు కన్నా ముందు నాకు తగిలిన మాట "గ్రీజు పని చేస్తాండే ఆయప్ప" అన్నది. కార్ల ఇంజనును నడిపించే కంప్యూటర్‌లో కంపెనీ రాసిన ప్రోగ్రాంను దిద్ది, బండికి కొత్త బలం తేగలిగిన మనిషి నంద్యాలలో మొదట ఆయనే. ఆ సంగతి ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో ఆయన డీజిల్ పంపుల మెకానిక్. పంపు మీద ఒక స్క్రూ ఉండేదట, దాన్ని పావు చుట్టు తిప్పితే లారీ లాగే తీరు మారిపోయేదట. రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన డీజిల్ బండ్లకు ఆ స్క్రూ లేదు. ఇంజను ఎంత డీజిల్ తాగాలో, ఎప్పుడు తాగాలో అరచేతి మందాన ఉండే ఒక పెట్టె నిర్ణయిస్తుంది. తోటి మెకానిక్కులు ఆ బండ్ల బానెట్ ఎత్తి చూసి దించేసేవాళ్లు. మా మరిది మాత్రం బెంగళూరులో ఆరు నెలలు ఉండి ఆ విద్య నేర్చుకుని వచ్చాడు. "స్క్రూ పోయి అంకెలొచ్చినాయి వదినా. చెయ్యాల్సిన పని అదే" అన్నాడు.

నంద్యాలలో ఇంటి పక్కనే సొంత షెడ్డు వేసుకున్నాడు. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు తీగ తగిలించి, కంపెనీ ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లోకి దింపుకునేవాడు. అసలును ముట్టుకోకుండా దాచి, నకలులో అంకెలు దిద్దేవాడు. డీజిల్ కొంచెం ఎక్కువ, టర్బో గాలి కొంచెం ఎక్కువ. దిద్దినదాన్ని తిరిగి బండిలోకి ఎక్కించే పది నిమిషాలు ఆయనకు గండం. మధ్యలో బండి బ్యాటరీ దిగిపోయినా, ల్యాప్‌టాప్ ఆగిపోయినా ఆ పెట్టె ఇక పనికిరాదు. అందుకని ఒక ట్రాక్టర్ బ్యాటరీని తెచ్చి బండికి జత కట్టేవాడు. చేతులు కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవాడు. ల్యాప్‌టాప్ తెర మీద గీత నిండేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు, అరచెయ్యి ఎత్తి చూపేవాడు, అంతే. మా తోడికోడలు అన్నం చల్లారిపోతోందని నాలుగుసార్లు పిలిచి విసుక్కునేది. "తాళి కట్టేటప్పుడు గూడ ఇంత బుద్ధిగా కూర్చోల్యా ఈ మనిషి."

గీత నిండాక ఆయన జవాబు చెప్పేవాడు. "అప్పుడు కరెంటు పోయినా తాళి పడేది గదా."

ఆయన పనిలో నాకొక భాగం ఉండేది. నా వంటింట్లో ప్రతి డబ్బాకూ చీటీ ఉంటుంది, గ్యాస్ బండ ఏ రోజు మార్చానో గోడ మీది క్యాలెండర్‌లో ఉంటుంది. అది చూసి ఆయన ఒక లాంగు నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్రతి బండినీ దిద్దక ముందు ఒకసారి, దిద్దాక ఒకసారి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నడిపి చూసేవాడు. రెండుసార్లూ వెనక అవే నాలుగు బియ్యం మూటలు, అదే పొద్దు, ఏసీ ఆపి, అద్దాలు మూసి. పొగ గొట్టంలో వేడిని చూపే సూది ఒకటి అప్పటికప్పుడు బిగించేవాడు. నేను వెనక సీట్లో కూర్చుని దారిలోని శిరివెళ్ల ఎన్ని నిమిషాలకు వచ్చింది, సూది ఎక్కడుంది, పొగ ఏ రంగులో ఉంది అని గళ్లలో రాసేదాన్ని.

"నువ్వే రాసుకోవచ్చు గదప్పా" అన్నాను మొదటిసారి.

"నేను రాస్తే నాకు కావల్సింది రాస్తా. ఓనరు రాస్తే ఆయప్పకు కావల్సింది రాస్తాడు. నువ్వైతే సూది యాడుంటే ఆడ రాస్తావు" అన్నాడు.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అన్నీ పద్ధతిగా రాసిపెట్టుకునే నా తీరును ఎవరైనా పనికొచ్చే గుణంగా చూడడం అదే మొదలు. ఇంట్లో దాన్ని చాదస్తం అనేవాళ్లు. పైగా ఆళ్లగడ్డలో మా అన్న ఇల్లు ఉంది. పక్షవాతంతో మంచాన పడిన అమ్మ అక్కడే ఉండేది. బండి చల్లారేలోపు నేను అమ్మకు తల దువ్వి, కాఫీ తాగి వచ్చేదాన్ని.

ఒకసారి ఎవరో రైతు, ఇంకా పెంచితే ఏమవుతుందని అడిగాడు. అప్పుడు మరిది చెప్పిన మాట నా నోటుబుక్కు అట్ట లోపల రాసి ఉంది. "కంపెనీవాళ్లు కొంచెం బలం పక్కన పెట్టి ఇస్తారప్పా. మన ఎండకు కొంత, మన డీజిల్‌కు కొంత, మన తిక్కకు కొంత. నేను ఎండదీ డీజిల్‌దీ చూస్కోని కొంచెం తీస్తా. తిక్కది మాత్రం ముట్టుకోను."

మా అన్నకు ఆళ్లగడ్డలో బాడుగ జీపు ఉండేది. అహోబిలానికి, నల్లమల ఘాటు మీదుగా గిద్దలూరుకు జనాన్ని తిప్పేవాడు. మరిది దాన్ని దిద్దాడు. జీపు హుషారయింది, మా అన్న బస్టాండులో పదిమందికి చెప్పుకున్నాడు. మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. ఆ రోజు ముందు సీట్లో ఆయన, స్టీరింగు దగ్గర మరిది, వెనక నేను. శిరివెళ్ల దాటాక అన్న ఎత్తుకున్నాడు.

"ఇంగ కొంచెం పెంచు బావా. ఘాట్లో లారీ ముందుంటే దాటేకి కావాల గదా."

"ఇంగ పెంచేది ల్యా."

"యాల? అంకెలే గదా. నీ చేతి నుంచి ఏం పోతాది?"

"పిస్టన్ కరుగుతాది బావా. తొమ్మిదిమంది పట్టే జీపులో పదహారుమందిని ఎక్కిచ్చుకోని ఘాటెక్కుతావు. ఆడ నిలబడితే నడ్చుకోని దిగాల."

"భయపడేటోనివి బెంగళూరుకు పోయి నేర్చుకున్యదేందప్పా మరి?"

"యాడ ఆపాల్నో నేర్చుకున్యా" అన్నాడు మరిది. అద్దంలో నన్ను చూసి, "వదినా, రాయి. బావ రెండోసారి పెంచమన్నాడు, చెయ్యల్యా అని రాయి" అన్నాడు.

నేను రాశాను. అన్న వెనక్కి తిరిగి నవ్వాడు. "ఏం పాపా, నా మీద కేసు రాస్తాండావా?" ముగ్గురం నవ్వుకున్నాం.

మా అన్న ఊరుకునే మనిషి కాదు. ఏదో పెద్ద ఊరికి పోయి, సీడీలో ప్రోగ్రాం పెట్టుకుని తిరిగే ఒకాయన చేత జీపులో ఇంకా ఎక్కువ అంకెలు వేయించుకుని వచ్చాడు. నేను అమ్మను చూడబోయినప్పుడు తనే చెప్పాడు. "మీ మరిది చేతకాదన్యది చేపిచ్చుకోనొచ్చినా పో." ఆ సంగతి ఆ రోజు ఇంటికి వచ్చి మరిదికి చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఎండాకాలం అయిపోయేదాకా ఘాటెక్కొద్దని చెప్పు వదినా" అన్నాడు. చెప్పాను. వినలేదు.

ఎండాకాలంలోనే, పెళ్లి జనంతో ఘాటెక్కుతుండగా జీపు నిలిచిపోయింది. పిస్టన్‌కు బొక్క పడింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎండలో నడిచి దిగారు. ముహూర్తం తప్పింది. ఆ పెళ్లివాళ్లు బస్టాండులో మా అన్నను పట్టుకుని నిలదీశారు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "నంద్యాలలో మా చెల్లెలి మరిది కంప్యూటర్ పెట్టి చెడగొట్టినాడప్పా. సొంతవాడని నమ్మితి." తర్వాత ఆ మాట మీదే నిలబడ్డాడు. ఇంజనుతో పాటు ఆ పెట్టెను కూడా మార్పించి పాతది తుక్కులో వేశాడు. లోపల ఎవరి ప్రోగ్రాం ఉందో చూసే దారి కూడా పోయింది. మిగిలింది నా నోటుబుక్కులో ఒక పేజీ, మరిది పెంచనన్నదీ, అన్న వేరేచోట పెంచించుకున్నానన్నదీ చెవులారా విన్న నేను.

మరిది ఒక మధ్యాహ్నం వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "వదినా, ఆ పుస్తకం తీస్కోని ఒక్కసారి ఆళ్లగడ్డకు రా. బజార్లో వద్దు. మీ అన్న ఇంట్లోనే, ఆయప్ప పిల్చుకున్న నలుగురి ముందరే. నువ్వు రాసింది నువ్వే చదువు. నేను నోరు తెరవను. బండ్లొచ్చేది నిల్చిపోయింది వదినా."

నలుగురిలో మాట్లాడదామని మరిది కబురు పెట్టాడట, అంతకు ముందురోజే మా అన్న నాకు ఫోను చేసి ఉన్నాడు. "పాపా, నువ్వు నా వాకిట్లోకి వచ్చి నా మీద చదివితే, మళ్ల అమ్మను చూసేకి ఈ గడప తొక్కొద్దు." మా ఆయనను అడిగితే పేపరు దించకుండానే చెప్పాడు. "మీ అన్న, నా తమ్ముడు. నన్నెందుకు మధ్యలోకి లాగుతావు?"

నేను మరిదికి నోటుబుక్కు ఇచ్చాను. "ఇది తీసుకపో అప్పా. నన్ను మాత్రం రమ్మనొద్దు."

"నేను తీస్కపోతే నేనే రాసుకున్యా అంటారు" అన్నాడు. పుస్తకాన్ని అలమార మీద తనే జాగ్రత్తగా పెట్టాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. "సరేలే వదినా. అమ్మను చూస్కో" అన్నాడు. నేను అమ్మ పేరు ఎత్తనే లేదు.

ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది. నేను నోరు మూసుకుని సంపాదించుకున్నది అమ్మను పదకొండుసార్లు చూడడం. అందులో మూడుసార్లు ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఆ పదకొండునూ, మా మరిది షెడ్డుకు తాళం పడడాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకు ఇన్నేళ్లుగా అలవాటయిపోయింది. ఏ రోజూ ఒకటి ఇంకొకదానికి సరిపోలేదు. అమ్మ పోయాక ఇక అడ్డేముంది, వెళ్లి చెప్పలేకపోయావా అని మీరు అడగవచ్చు. అప్పటికి ఊరు ఆ మాటను మరిచిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఊరు మరిచిపోలేదు. "ఆళ్లగడ్డ జీపు చెడగొట్టినాయన" అన్న పేరు ఆయనకన్నా ముందు నడిచేది. పాణ్యంలో ఆయన ముఖం తెలిసినవాళ్లు లేరు కనుక అక్కడికి పోయి గ్రీజు పట్టుకున్నాడు.

పండగలకు వచ్చేవాడు. నా చేతి ఉగ్గాని ఇష్టంగా తినేవాడు. పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ పుస్తకం ఊసు ఎత్తలేదు. ఒకసారి మా ఆయన స్కూటరు మైలేజీ తగ్గిందంటే చూడడానికి కూర్చున్నాడు. నేను అలవాటుగా కాగితం, పెన్ను తీసుకుని పక్కన నిలబడ్డాను. ఆయన నా వైపు చూసి నెమ్మదిగా, "వద్దులే వదినా, నేను గుర్తుపెట్టుకుంటా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండో రోజు కర్మకు మా అన్న వచ్చాడు. పంక్తిలో కూర్చుని పక్కవాళ్లతో అన్నాడు. "మంచి పనోడప్పా. ఒక్క నా బండి కాడనే చెయ్యి తప్పింది." నేను ఆ వరసలోనే వడ్డిస్తున్నాను. మా తోడికోడలు తలెత్తి నన్ను చూసింది. నేను అన్న విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి పక్క విస్తరికి జరిగాను. ఇది అచ్చయితే ఆయన చదువుతాడు. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ చదువుకోనీ.

ఆ తర్వాతి వారం కొలిమిగుండ్ల వైపు నుంచి ఒక రైతు కొత్త కారులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. షెడ్డుకు తాళం ఉందని, ఎవరో మా ఇల్లు చూపించారట. కారు దిగకుండానే అడిగాడు.

"ఆయప్ప యాడుండాడమ్మా? నా పాత బండి ఆయప్పే దిద్దినాడు. ఐదేండ్లు నాపరాళ్ల గనులకు తిప్పినా, ఇంజను మీద చెయ్యి పెట్టే పని పడల్యా. దీనికి గూడ ఆయప్ప చెయ్యే పడాలని వచ్చినా."

చెప్పాను. ఆయన ఇంజను ఆపాడు. "అయ్యో. ఆళ్లగడ్డ జీపు సంగతి మా పక్క గూడ అనుకున్యారమ్మా. నేను నమ్మల్యా. అట్ల చేసే మనిషి గాదు" అన్నాడు.

"చెయ్యలేదు" అన్నాను. "ఆ జీపు మా అన్నది. పెంచనని ఆయన చెప్పినప్పుడు నేను వెనక సీట్లోనే ఉన్నాను. పెంచింది వేరేవాళ్లు. అదీ నాకు తెలుసు."

ఇన్నేళ్లలో ఆ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. చెప్పడానికి ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా పట్టలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నాకెందుకు చెప్తాండావమ్మా ఇది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగమన్నాను. వద్దని తల ఊపి కారు వెనక్కి తీశాడు. సందు చివరికి పోయి ఆగాడు. అక్కడ కుడికి తిరిగితే ఆయన ఊరి దారి, ఎడమకు తిరిగితే మిగతా మెకానిక్కుల షెడ్లు. కుడివైపు దీపం కొట్టుకుంది. ఆరిపోయింది. ఎడమవైపుది కొట్టుకోవడం మొదలుపెట్టింది. కారు మాత్రం కదలలేదు.