గోమాళం చుట్టూ వేసిన కంచె

బాగేపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక గుట్ట ఉంది. దాని వాలంతా ఊరి గోమాళం, పశువులు మేయడానికి సర్కారు వదిలిన భూమి. పశుగ్రాసం మీద పరిశోధన చేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కువ రోజులు అక్కడే గడిపాను. చింతామణిలో అంగడి నడుపుకునే ఇంట్లో పుట్టినదాన్ని, గడ్డిలో ఇన్ని రకాలుంటాయని పుస్తకాల్లో చదవడమే. ఏది వానకు ముందే మొలుస్తుందో, గొర్రె దేన్ని ముందు కొరుకుతుందో చూపించింది ఆ వాలు మీద గొర్రెలు మేపే ఒక అవ్వ. భర్త పోయాక ఆ మందతోనే కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. నేను లాటిన్ పేరు చెబితే నవ్వేది. తను గొర్రెలు ఇష్టంగా మేసే చెంగలి గడ్డిని వేళ్ల మధ్య నలిపి వాసన చూడమనేది.

రెండేళ్లయ్యాక, పశువులు తొక్కకుండా వదిలేస్తే గడ్డి ఎంత బాగా పెరుగుతుందో చూడాలనుకున్నాను. వాలులో మంచి మేపున్న భాగానికి ఇనుప కంచె వేస్తామంటే పంచాయతీ ఒప్పుకుంది. అవ్వకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె కోప్పడలేదు.

"మేపకుంటే గడ్డి బాగుపడదమ్మా. గొర్రె నోరు పెడితేనే కింద నుంచి కొత్తది లేస్తాది. ఇడిచిపెడితే దాని మీద అదే పడి సచ్చిపోతాది," అంది.

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. పక్కనే 'స్థానికుల నమ్మకం' అని కూడా రాశాను.

మొదటి వానాకాలం గడ్డి నడుము ఎత్తు పెరిగింది. పైఅధికారులు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. అవ్వ కంచె బయట నిలబడి చూసింది. ఆమె మంద రోడ్డు వారగా మేస్తుండేది. ఒకరోజు లారీ కింద రెండు గొర్రెలు పోయాయని ఊళ్లోవాళ్లు చెప్పారు. పరిహారం ఎవరినడగాలో కనుక్కుంటానని అవ్వతో అన్నాను. ఆ వారం పని ఒత్తిడిలో మరిచిపోయాను. మరుసటి ఎండాకాలానికి ఆమె మందనంతా అమ్మేసి మంచేనహళ్ళి దగ్గర కూతురింటికి వెళ్లిపోయింది. పోతున్నట్టు నాకు చెప్పి వెళ్లలేదు.

మూడో ఏటికి కంచెలో ఎండు గడ్డి చాపలా పరుచుకుపోయింది. దాని కింద కొత్త మొలక లేదు. నాలుగో ఏడు చెంగలి కోసం రోజంతా వెతికితే రాళ్ల సందుల్లో ఐదారు దుబ్బులు దొరికాయి. మిగతాదంతా బట్టలకు గుచ్చుకునే పందిముల్లు గడ్డి, పశువులు ముట్టని లాంటానా పొదలు. తగుమాత్రం మేపు ఉంటేనే ఈ గడ్డి నిలుస్తుందని నా వ్యాసంలో తేల్చాను. దానికి మంచి పేరొచ్చింది, నాకు ప్రమోషనూ వచ్చింది. అవ్వ ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

ఆ తరువాతే మంచేనహళ్ళికి వెళ్లాను. కూతురింటి పాక ముందు అవ్వ పాడి ఆవుకు కోసిన గడ్డి వేస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని కూర్చోమంది. నువ్వు చెప్పిందే నిజమైందవ్వా అన్నాను. మేమే గొర్రెలు కొనిస్తామని, మళ్లీ గుట్టకు రమ్మని అడిగాను.

ఆమె మిగిలిన గడ్డిని ఆవు ముందుకు తోసింది.

"నేను చెప్పినప్పుడు నువ్వు రాసుకుంటివి కదమ్మా," అంది. "రాసుకుంటాండావంటే నమ్మినావనుకుంటి."

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తన మోకాళ్లు ఇక గుట్ట ఎక్కవని, పాత గొర్రెలైతే పిలిస్తే వచ్చేవని, కొత్తవాటి వెంట తిరగలేనని చెప్పింది. బస్సు వచ్చేదాకా నాతోనే నిలబడింది.

కంచె తీయించాను. అప్పటికి ఆ ఊళ్లో గొర్రెలు మేపేవాళ్లు ఎవరూ మిగల్లేదు. లాంటానా గుట్ట పైదాకా పాకింది.

నిరుడు వానాకాలంలో హొసూరు పొలాల్లో నమూనాలు తీస్తుండగా అవ్వ కూతురు ఫోన్ చేసింది. అమ్మ పోయి నెల దాటిందని, నా నంబరు ఇప్పుడే దొరికిందని చెప్పింది. గట్టు మీద కూలబడ్డాను. ఎండ దెబ్బేమోనని తోటివాళ్లు నీళ్లు తెచ్చారు. ఎవరు పోయారని అడిగితే, చుట్టం కాదన్నాను.