మసక వెలుతురులో బాబా చూసిన మేక

“దగ్గరికి లాగడమే గొప్ప అనుకుంటివా? చీకట్లో ఎక్కువ లాగితే చీకటే దగ్గరికొస్తాది!” అన్నాడు బాబా.

“అది పాతకాలం మాట యుబా. ఇది పన్నెండింతలు లాగుతుంది. మధ్యలో ఎర్ర చుక్క కూడా వెలుగుతుంది. నీది ఎనిమిదింతల దగ్గరే ఆగిపోయింది.”

“ఆగితే ఆగనీ. ముందర అద్దం చూడు, సాసరంత ఉంది. వెలుతురు తాగేది అదీ.”

“పోయినేడు కూడా సాసరంత అద్దమే ఎత్తుకపోయినావు. ఒక్క తూటా కాల్చకుండా తిరిగొచ్చినావు.”

“అది పాతదిరా! అద్దాల మీద పూత పోయింది. తప్పు గొట్టానిది, నాది కాదు!”

రెండేళ్ల కిందట, చలికాలం మొదట్లో, కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటి హాల్లో జరిగిన గొడవ ఇది. వాళ్లది అరబ్బీ. నేను మన మాటల్లో రాస్తున్నాను. యుబా అంటే నాయనా అని. బాబా ఇంటి పెద్దాయన, ఫహద్ ఆయన పెద్దకొడుకు. నేను ఆ ఇంటికి వంటమనిషిగా వచ్చినప్పుడు ఫహద్ బడికి పోతుండేవాడు. ఇప్పుడు వాడికే గడ్డం నెరుస్తోంది.

బాబాకు ఏడాదికొకసారి చలిదేశం పోయి దుప్పి వేట ఆడే అలవాటు. తుపాకీ అక్కడి వాళ్లే ఇస్తారు. దాని మీద బిగించే దుర్భిణిని మాత్రం ఇక్కడి నుంచి తీసుకుపోతాడు. దాన్ని స్కోప్ అంటారు. దుప్పులు పొద్దు గూకేటప్పుడే అడవిలోంచి బయటికొస్తాయట. అందుకని మసకలో బాగా కనిపించే స్కోప్ కావాలి. తెలిసిన అంగడివాడు రెండిచ్చి, చూసుకుని ఒకటి ఉంచుకోమన్నాడు. ఆ రెండూ బల్ల మీద ఉన్నాయి, వాటి కోసమే గొడవ.

చాయ్ పెట్టడానికి పోయిన నేను, అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే ఊరుకోలేక కొంగుతో తుడవబోయాను. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒక్కసారే అరిచారు. అప్పటిదాకా కొట్టుకుంటున్న వాళ్లు ఆ ఒక్క మాట మీద ఏకమయ్యారు. అద్దానికి కంటికి కనపడని పూత ఉంటుంది, దాన్ని కోటింగ్ అంటారు, గరుకు గుడ్డ తగిలితే గీతలు పడతాయట.

“తుడిచేదానికి పనికిరాని అద్దాన్ని దుడ్లు పోసి కొనడమెందుకు బాబా?” అన్నాను. నాకు మొదటి నుంచీ నోరు కొంచెం గట్టిది.

బాబా నవ్వి నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. కొడుకు మెచ్చిన గొట్టాన్ని చేయి చాచి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. వెనక అద్దంలో గుండ్రంగా, బొట్టుబిళ్లంత వెలుతురు కనిపించింది. “ఇది ఎగ్జిట్ ప్యూపిల్. గొట్టంలోంచి వచ్చి నీ కంట్లో పడే వెలుతురు ఇంతే” అంటూ గొట్టం మీది ఉంగరం తిప్పాడు. దగ్గరికి లాగేకొద్దీ ఆ బిళ్ల చిన్నదై చిన్నదై ఆవగింజంత అయింది. తన గొట్టం ఎత్తి పట్టుకుంటే బిళ్ల నిండుగా నిలిచింది. నేను చదివింది మూడో తరగతి. వెలుతురును బిళ్ల కట్టి చేతిలో చూపించొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఫహద్ ఖాళీ గ్లాసులు తెచ్చే వంకతో వంటగదిలోకి వచ్చాడు. నా పేరును వాళ్లు రమానా అని పలుకుతారు.

“యుబా చెప్పింది నిజమే రమానా. కానీ వయసు మీద పడినాక మన కంటిపాప అంత విచ్చుకోదు. బిళ్ల ఎంత పెద్దదైనా లోపలికి పోయేది కొంచెమే. పైగా ఆయన కంటికి ఇంకేదో వచ్చిందని నా అనుమానం. డాక్టరు దగ్గరికి పోదామంటే మీద పడతాడు.”

“ఆ మాట ఆయనతో చెప్పు, నాతో ఏంటికి?”

“ఎట్లా చెప్పేది? వచ్చే వారమే ప్రయాణం. ఆ అడవిలో దుప్పులే కాదు, మనుషులూ తిరుగుతారు.”

వాడు గ్లాసులు నా ముందుకు చాచాడు. నేను తీసుకుని తొట్టిలో పెట్టాను.

శుక్రవారం అందరం జాఖూర్‌కు పోయాం. ఊరి బయట ఎడారిలో మేకలూ గొర్రెలూ పెట్టుకునే కంచెను జాఖూర్ అంటారు. చలికాలంలో వీళ్లకు వారంవారం అక్కడే వంట. డ్రైవర్ ఖాదర్ మా కడప పక్కవాడే. స్కోపు కదలకుండా ఆనించడానికి వాడు నా బియ్యం మూటను కారు బానెట్ మీదికెత్తాడు.

“రేయ్ ఖాదరూ, తినే బియ్యంరా అవి! దుమ్ములో దొర్లిస్తాండావు!”

“బాబా చెప్పినాడు అవ్వా. బియ్యానికేమైతాది, కడుక్కొని వండుకుంటాం గదా.”

“నీళ్లు మీ తాత మోసుకొస్తాడా ఈ ఎడార్లో?”

మగ్రిబ్ నమాజు అయింది. పడమట ఎరుపు పోయి బూడిదరంగు దిగుతోంది. ఫహద్ పెట్టిన పందెం ఇది: కంచె ఆ చివర ఏముందో బాబా రెండు స్కోపుల్లోంచి చూసి చెప్పాలి. ఎందులో ఎక్కువసేపు కనపడితే అది కొనాలి.

బాబా మూట మీద మోచేతులాన్చి తన స్కోపుకు కన్ను పెట్టాడు. మొహంలో ఎంత సంతోషమో. “నీళ్ల తొట్టి. మేత మూటలు. ఇవతల మేక, ఒంటరిగా పడుకుని తల ఎత్తింది. గోధుమరంగుది. రెండు చెవులూ కనిపిస్తున్నాయి.” ఫహద్ వైపు తిరక్కుండానే అన్నాడు: “అదే దుప్పి అయితే, చెవుల కింద జానెడు దిగి కొడతా. అక్కడికక్కడే పడుతుంది. విన్నావా?”

బాబా ఉత్సాహం పట్టలేక నన్ను పిలిచాడు. “రమానా, వెలుతురు అంటే ఏందో చూడు రా.”

కన్ను పెట్టాను. మొదట అంతా నలుపు. తల కాస్త వెనక్కి జరిపానో లేదో, తలుపు తెరిచినట్టు లోకం వచ్చింది. వట్టి కంటికి బూడిద కుప్పలా ఉన్న చోట కంచె తీగ మెలికలు కనిపించాయి. తొట్టిలో నీళ్లు కదులుతున్నాయి. ఇసక మీద గిట్టల గుర్తులు. పొద్దు పోయినాక కూడా ఇంత వెలుతురు లోకంలో మిగిలి ఉంటుందా, మనమే దాన్ని చూడలేక చీకటి అంటామా అనిపించి ఒళ్లు జలదరించింది.

అప్పుడు ఆ మేక కనిపించింది.

అది మేక కాదు. మేకల్ని కాసే ఇద్రీస్. చలికి ఫర్వా వేసుకున్నాడు. లోపల గొర్రెబొచ్చు, పైన గోధుమరంగు గుడ్డ ఉండే బరువైన అంగీ అది. గాలికి వీపు తిప్పి, తల కాలరులోకి ముడుచుకుని కూర్చున్నాడు. అంగీలోంచి, అతని భుజం మీదుగా, అప్పుడే పుట్టిన మేకపిల్ల తల బయటికి పెట్టింది. చెవులింకా తడిగా ఉన్నాయి. ఇద్రీస్ దాని మొహం తుడుస్తున్నాడు, తల్లి నాకినంత మెల్లగా.

చెవుల కింద జానెడు అంటే అతని గుండె.

“ఏం కనపడింది?” అన్నాడు బాబా, నవ్వుతూ.

ఫహద్ నా మొహమే చూస్తున్నాడు. పనిమనిషిని, కొడుకు ముందర ఆయన మాట కాదనాలి. అబద్ధం చెప్పి జీతం తినే అలవాటు నాకు లేదు.

“బాబా, అది మేక కాదు. ఇద్రీసు.”

“నువ్వు సరిగ్గా చూడలేదు.”

“పిలువు బాబా.”

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత గొంతెత్తి “ఇద్రీస్!” అని కేక వేశాడు. ఆ గోధుమరంగు గుట్ట లేచి నిలబడి, “నఅమ్, బాబా!” అని బదులు పలికింది.

బాబా రెండో స్కోపు తీసి చూశాడు. కన్ను నులుముకుని మళ్లీ చూశాడు. నిలబడి ఉన్న మనిషిని అంతసేపు వెతికాడు. ఫహద్ ముందుకు వంగి తండ్రి మోచేతుల కింద మూట సర్దాడు. తండ్రి కంటి మీద వాడి అనుమానమే గెలిచింది, కానీ ఆ మాట వాడి నోట రాలేదు. ఆ కొడుకు మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే.

బాబా ఇద్రీస్‌ను నిప్పు దగ్గరికి రమ్మన్నాడు. తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. కాఫీ పోయడం ఆ ఇళ్లలో చిన్నవాళ్ల పని. బాబా కొడుకు చేతిలోని దల్లా, అంటే కాఫీ కూజా, తీసుకుని, తనే లేచి, మేకల కాపరికి పోశాడు. ఇన్నేళ్లలో నేనెన్నడూ చూడనిది అది.

“ఇద్రీస్, నేను నిన్ను మేక అనుకున్నా. తుపాకీ ఉంటే కాల్చేవాణ్ణి.”

ఇద్రీస్ నవ్వాడు. “వీటి మధ్య ఉండి ఉండి మేకనే అయిపోయినా బాబా. నిన్న పెద్ద పొట్టేలు కూడా కొమ్ములతో పలకరించింది.”

ఖాదర్ కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. బాబా నవ్వలేదు. మేకపిల్ల తల మీద చెయ్యి పెట్టి, “అద్దం బాగానే ఉంది. రెండూ బాగున్నాయి” అన్నాడు.

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం నేను చూడకపోలేదు. చాటుగా ఒప్పుకుంటారు, లేకుంటే ఎదుటివాడి మీద అరిచి ఒప్పుకుంటారు. ఎవరిని చంపేవాడో ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లల్లోకి చూసి చెప్పినవాణ్ణి ఆ ఒక్కరినే చూశాను. ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే నా చెయ్యి దానంతటదే ఆయన ముందర వంగింది.

మర్నాడు పొద్దున బాబా వంటగదిలోకి వచ్చి నిలబడే చాయ్ తాగాడు. చలిదేశానికి ఫోన్ చేసి ఈ ఏడు రాలేనని చెప్పాడు. రెండు స్కోపులూ పెట్టెల్లో పెట్టమన్నాడు. కొంగు తగలకుండా పెట్టాను. ఖాదర్ వాటిని అంగడిలో ఇచ్చేసి వచ్చాక, ఫహద్ తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కంటి ఆస్పత్రికి తీసుకుపోయాడు.