మునసబు తలపాగా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పులివెందుల పక్కన మా ఊరి మునసబును నేను మామా అని పిలిచేదాన్ని. మునసబంటే శిస్తు వసూలు చేసేవాడనే అందరం అనుకునేవాళ్లం. "కాదప్పా, ఇన్సాఫ్ చేసేటోడు, న్యాయం చెప్పేటోడు" అని దర్జీ సాయెబు చెప్పినప్పటి నుంచి మామ తలపాగా చుట్టుకోనిదే ఏ తగవూ తీర్చేవాడు కాదు.

ఒక శనివారం, గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్న తమలపాకుల మాలను మామ మేక తినేసింది. అప్పటికే బండి కట్టేవేళయింది. అమ్మ ఏడుపుమొహంతో ఆయన ఇంటికి పరుగెత్తింది.

"అన్నా, నీ మేక స్వామి మాల మేసింది. మొక్కు ఎట్ల తీర్చేది?"

"నా మేకనా? అది శానా బుద్ధిమంతురాలమ్మా!"

"నోట్లో ఇంకా ఆకుండాది, చూడు."

ఆయన చూశాడు. గబగబా తలపాగా చుట్టి అరుగెక్కి కూర్చున్నాడు.

"మేకదే తప్పు. బండి కదిలేలోగా మేకగలాయన కొత్త మాల కట్టియ్యాల."

వెంటనే తలపాగా తీసి కిందికి దిగాడు. తాను నమలడానికి సంతలో తెచ్చుకున్న ఆకులన్నీ ముందేసుకుని మాల కడుతూ గొణిగాడు.

"ఏం మునసబమ్మా ఈయప్ప! మేక మాట ఒక్కటన్నా ఇన్యాడా?"

ఆ మాల స్వామి మెడలో చూసి అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇప్పటికీ గండికి పోతే ఆయన పేరున రెండు దండాలు పెడతాను. న్యాయం చెప్పిన మునసబుకొకటి, ఆ వారమంతా ఆకు లేక ఉత్త వక్క నమిలిన మామకొకటి.