పట్కారుకు దొరకని రాణి

కోదాడ బస్టాండులో చాయ్ గ్లాసు ఏటేటా చిన్నదవుతోంది. ఇంకో రెండేళ్లకు చెంచాతో పోస్తారేమో. అందుకే గరిడేపల్లి వైపు పని పడితే నేను కాదనను. అక్కడ సుజాత గ్లాసు నిండా పోస్తుంది.

మొన్నటి చలికాలం సంగతి. రొయ్యల హేచరీలకు, అంటే పిల్లను పుట్టించి పెంచే తొట్లకు, సలహాలివ్వడం నా వృత్తి. సుజాత భర్త యాదగిరి వరి మడి తవ్వి చెరువు చేశాడు, ఇంటి వెనక తొట్లు కట్టాడు. గుడ్డులోంచి వచ్చే లార్వాలకు కాస్త ఉప్పదనం కావాలని సముద్రపు నీళ్లు ట్యాంకరులో తెప్పించాడు. అన్నీ వచ్చాయి, గుడ్లు తప్ప. ఎండాకాలంలోగా పిల్ల దిగకపోతే చెరువు పూడ్చి మళ్లీ వరి వేస్తానని వాళ్ల నాన్న తేల్చేశాడు.

నేను వెళ్లేసరికి యాదగిరి ఫోనులో వీడియో చూస్తున్నాడు.

"సారూ, ఆడరొయ్యకు ఒక కన్ను తీసేస్తే గుడ్లు పెడ్తదంట. పట్కారు కాల్చి కంటికాడ నొక్కుడే. రేపు పొద్దుగాల షురూ చేస్త."

తొట్టిలో పెద్ద ఆడరొయ్య, సుజాత 'రాణి' అని పిలిచేది, నిశ్చింతగా మీసాలు ఆడిస్తోంది.

వీడియో చెప్పింది అబద్ధమేమీ కాదు. కంటికాడలో, అంటే కన్నును మోసే తొడిమలో, న్యూరోపెప్టైడ్లు తయారవుతాయి. నాడీకణాల కబుర్లు మోసే చిన్న ప్రొటీన్ ముక్కలవి. వాటిలో ఒకటి అండాశయానికి 'ఇప్పుడే వద్దు' అని చెబుతుంది. కాడ తీస్తే ఆ వద్దనే గొంతు తగ్గుతుంది. సముద్రపు టైగర్ రొయ్యకు అలా చేస్తారు.

"ఇది నీలకంఠ, మంచినీళ్ల రొయ్య, దీనికి ఆ శిక్ష అక్కర్లేదు," అన్నాను. "నీళ్లు వెచ్చగుండాలె, మేత మంచిగుండాలె. చలికి వద్దంటున్నదంతే. నువ్వు చలిల స్నానం చేస్తవా?"

"ఎండాకాలం గూడ చెయ్యడు సారూ," వంటింట్లోంచి సుజాత.

"నువ్వు జర ఊకో. మా నాయిన ట్రాక్టర్ గూడ మాట్లాడిండు, ఆగేటట్టు లేదు సారూ."

నేను పెప్టైడ్ల గురించి మొదట్నుంచి మళ్లీ చెప్పాను. యాదగిరి గడ్డం గోక్కుంటూ విన్నాడు. సుజాత మసులుతున్న చాయ్ గిన్నెను కొంగుతో పట్టుకుని, ఉఫ్ ఉఫ్ అంటూ దించింది. చాయ్ బాగుందన్నాను.

కన్ను తీయలేదు. తొట్టికి హీటరు వచ్చింది, పైన టార్పాలిన్ వచ్చింది, మేతలో నత్త మాంసం చేరింది. కొన్ని వారాలకు రాణి కడుపు కింద నారింజ రంగు గుడ్ల గుత్తి. అవి నల్లబడి, ఒక పొద్దున తొట్టినిండా నలుసులంత లార్వాలు, తోక పైకి, తల కిందికి పెట్టి ఈదుతున్నాయి. యాదగిరి నాన్న వంగి చాలాసేపు చూశాడు. "ఉండనీ తీ చెరువు," అని ట్రాక్టరు వద్దని చెప్పడానికి ఫోను తీశాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే: శాస్త్రాన్ని మన మాటల్లో ఓపికగా చెబితే రైతు వింటాడు. చాయ్ గ్లాసు అందుకుంటూ ఆ మాటే సుజాతతో అన్నాను.

"మీ ముచ్చట ఇని ఊకున్నడనుకున్నరా సారూ? పట్కారు దొరకక ఊకున్నడు. అది గిప్పటికీ నా బియ్యం డబ్బలనే ఉన్నది."