బొట్టు పెట్టి చదవని పుస్తకం

చిక్కటి నూనె అంటే నాకు మొదటినుంచీ గౌరవం. మా నాన్న ట్రాక్టర్‌కు పోసిందీ అదే, హోసూరు ఫ్యాక్టరీలో నా చేతి కిందున్న పాత యంత్రాలు తాగేదీ అదే. అందుకే కారుకు ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడు ఎవరినీ అడక్కుండా 20W-50 అనే చిక్కటి ఆయిల్ డబ్బా కొని, మత్తిగిరిలో మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

ఆ కారు నడిపేది నా భార్య. తళి దగ్గర గులాబీ తోటలో ఉద్యోగం, తెల్లవారగానే బయలుదేరుతుంది. ఆ దారిలో ఒక్కోసారి ఏనుగులు రోడ్డు దాటుతాయి. అక్కడ బండి ఆగితే దిగడానికి కూడా ఉండదు. ఆమెకు భయం లేదు, ఉన్న భయమంతా నాదే. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ మొండికేయదని నా నమ్మకం.

మెకానిక్ పెద్దాయన డబ్బా మూత కూడా తీయలేదు.

"బండి పుస్తకం యాడప్పా?"

డాష్‌బోర్డు అరలోంచి తీసిచ్చాను. ప్లాస్టిక్ కవరు విప్పనే లేదు. దాని మీద ఆయుధపూజ నాటి కుంకుమ, ఎండిన చామంతి రేకులు. ఏటా తాళాలతో పాటు పీట మీద పెట్టి హారతి ఇచ్చేవాళ్లం.

"పూజ బాగానే చేసినావు, చదివినట్టు లేదే!" అంటూ కవరు చించి, పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాడు. 0W-20.

నాకు రోషం వచ్చింది. "నీళ్లలా ఉంటుంది, అదేం కాపాడుతుంది?"

"మొదటి అంకె చలికప్పా, రెండోది వేడికి. ఈ ఇంజిన్‌లో సందులు సన్నం. తాళం తిప్పినంక ఆయిల్ బిరీన పైదాకా పోవల్ల. చిక్కటిది పోయేలోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. ట్రాక్టర్‌కు మంచిదని దీనికి పోస్తే ఎట్ల? పొద్దున్నే చలిలో నడిపేది ఆయమ్మ కదా?"

ఆ చివరి మాట తగలగానే నా డబ్బా చేతిలోకి తీసుకున్నాను. "తనకు తోచదు, ఒకరు చెబితే వినడు" అని మా ఆవిడ ఊరికే అనలేదు. వెళ్లి డబ్బా మార్చుకొచ్చాను.

మర్నాడు తళి నుంచి "చేరినాను" అని ఫోన్ వచ్చింది. ఆ మాట ఇప్పటికీ రోజూ వస్తోంది. విన్నప్పుడల్లా ఆ పెద్దాయనకు మనసులో దండం పెట్టుకుంటాను. చెప్పకుండా నేను తెచ్చిందే పోసేసి ఉంటే నాకేం తెలిసేది?

మొన్న ఆయుధపూజకు పీట మీద పుస్తకం కనబడలేదు. మా ఆవిడ వెతుక్కుంటూ కారు దగ్గరికి వచ్చింది. నేను ముందు సీట్లో కూర్చుని బ్రేకుల పేజీ చదువుతున్నాను. కుంకుమ గిన్నె ఆమె చేతిలోనే ఉంది. పుస్తకం అడగలేదు, నవ్వి, నా నుదుటికి బొట్టు పెట్టి పోయింది.