కర్టెన్ వెనక చెయ్యి

మా బావకి కర్టెన్ల గురించి తప్ప ప్రపంచంలో ఇంకేమీ తెలియదు. ఈ మాట అతని మొహం మీదే చాలాసార్లు అన్నాను. ఎవరింటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించే ముందు కిటికీ దగ్గరికి వెళ్తాడు. పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, మా అక్క ఎదురుగా కూర్చుని ఉండగా, ఈయన ఆమె వెనకున్న కర్టెన్ అంచు తిప్పి చూసి, "కుట్టు వదులుగా వేశారండీ" అన్నాడు. అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వే తన కొంప ముంచిందని తర్వాత కాపురం చేసినన్నాళ్ళూ అంటూనే ఉంది.

వాళ్ళ కొట్టు బస్టాండు వెనక వీధిలో, మందుల షాపు మీది మేడలో ఉంది. మెట్లెక్కగానే పొడుగాటి గది. ఒక గోడ వెంట గుడ్డ తానులు నిలబెట్టి ఉంటాయి. రెండో గోడకి కుట్టుమిషను, దాని ముందు మాస్టరు. ఆయన టైలరు, బావ కంటే వయసులో పెద్ద, మాట్లాడాల్సి వస్తే ముందు మిషను ఆపి, కళ్ళజోడు తీసి, అప్పుడు మాట్లాడతాడు. వీధి వైపు గోడంతా కిటికీయే. కర్టెన్ల కొట్టుకి ఆ మాత్రం కిటికీ లేకపోతే ఎలా అని బావ పట్టుబట్టి పెట్టించాడు.

ఊళ్ళో బేరాలు పల్చబడ్డాక, నగరంలో వాళ్ళకి ఆన్‌లైన్లో అమ్ముదామన్నది అక్కే. చిన్న చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా పని. సొంత అక్క అడిగితే కాదంటానా? పెద్ద పెద్ద సోఫాలు, పూలకుండీలు, వాటి వెనక గాలికి ఊగే కర్టెన్లు, అన్నీ డబ్బిచ్చి కొన్న ఫోటోలతో సైటు తళతళలాడేలా కట్టాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పంపిన సరుకు మాత్రం వెళ్ళిన దారినే తిరిగి వచ్చేది.

నగరం వాళ్ళు గుడ్డ పట్టుకుని చూసే వీలు లేదు కాబట్టి ఆ కసంతా ప్రశ్నల్లో తీర్చుకుంటారు. ఎండకి రంగు పోతుందా? ఉతికితే ఎంత కుంచించుకుంటుంది? కిటికీ పక్కన అల్మరా ఉంది, మడతలు పడతాయా? ఎన్ని అడిగినా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: ఎదుటి బిల్డింగులో వాళ్ళకి మేం కనిపిస్తామా? అక్కడ ఇళ్ళు ఎంత దగ్గరంటే, ఎదుటివాళ్ళు టీవీలో ఏం చూస్తున్నారో మన మంచం మీంచి చెప్పేయొచ్చట. నేను సైటులో 'పల్చన', 'మధ్యరకం', 'మందం' అని రాసి చేతులు దులుపుకున్నాను. ఎవరూ నమ్మలేదు. నమ్మి కొన్నవాళ్ళు తిట్టారు.

ఒకరోజు అక్క కిటికీకి ఒక కర్టెన్ తగిలించి, తను దాని వెనక్కి వెళ్ళి, కిటికీకీ గుడ్డకీ మధ్య నిలబడింది. చెయ్యెత్తి, వేళ్ళు విడదీసి, "ఇప్పుడు తియ్యండి" అంది. బావ ఫోటో తీశాడు. గుడ్డలోంచి అయిదు వేళ్ళూ స్పష్టంగా కనిపించాయి. తర్వాత ఇంకో గుడ్డ, ఇంకో ఫోటో. ఆ వారమంతా కొట్లో ఉన్న ప్రతి రకం వెనకా అక్క నిలబడింది. సైటులో నా సోఫాలన్నీ తీయించి, ప్రతి కర్టెన్ కిందా ఈ మాటలు రాయించింది: 'వేళ్ళు లెక్కపెట్టగలిగితే హాలుకి సరిపోతుంది. చెయ్యి తెలుస్తూ వేళ్ళు తెలియకపోతే వంటగదికి. చెయ్యే కనిపించకపోతే పడకగదికి నిశ్చింతగా కొనుక్కోండి.'

"ఇదేంటక్కా, లోపల ఎవరో ఇరుక్కుపోయి కాపాడమంటున్నట్టుంది" అన్నాను.

"నీ సోఫాలు ఎన్ని కర్టెన్లు అమ్మాయిరా?" అంది.

నెల తిరిగేసరికి వెనక్కి వచ్చే పార్సిళ్ళు దాదాపు ఆగిపోయాయి. నగరంలో వాళ్ళు ఫోన్ చేసి, "మాకు చెయ్యి కనపడనిది కావాలండీ, అందులో బూడిద రంగు ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఫోన్లన్నీ అక్కే మాట్లాడేది. సగం మందికి ఖరీదైనది వద్దని చెప్పి చవకది అమ్మేది. బావ తల పట్టుకునేవాడు.

నా వంతుగా నేనూ కొన్ని తెలివితేటలు చూపించాను. 'సరుకు లేదు' అన్న మాట కనిపిస్తే నగరం వాళ్ళు ఇంకో కొట్టుకి వెళ్ళిపోతారు కాబట్టి, ఏదైనా రకం అయిపోగానే దాని పేజీ దానంతటదే మాయమయ్యేలా రాశాను. ప్రతి కర్టెన్ పక్కనా 'ఇప్పుడు చూస్తున్నవారు' అని ఒక అంకె పెట్టాను, జనం తొందరపడి కొంటారని. అక్క దాన్ని చూసి, "ఎవరు చూస్తే ఎవరికేంట్రా, కొనమను" అని కొట్టిపారేసింది.

అక్క పోయిన రోజు గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. స్నానాల గదిలో పడిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. బావ డాక్టరు చెప్పిందంతా విని, "సరేనండీ" అన్నాడు. కొలతలు చెప్పించుకున్నప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు.

తర్వాత కూడా అంతే. ఏడిస్తే గుండె తేలికపడుతుందని బంధువులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అందరికీ "ఆ" అన్నాడు. కొట్టు తెరిచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. అక్క కోసం ఫోన్లు వస్తే, "ప్రస్తుతం లేరండీ" అనేవాడు, ఆమె పక్కవీధికి వెళ్ళినట్టు. ఆ మాట విన్నప్పుడు నాకూ ఏమీ అనిపించేది కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఉందో లేదో తెలియదే, ఆ నెలలన్నీ నాకలాగే గడిచాయి. తింటున్నాను, పని చేస్తున్నాను, బావని వేళాకోళం కూడా చేస్తున్నాను. దేనికీ రుచి లేదు.

అక్క చూసే పనులు నా నెత్తిన పడ్డాక కదా, సైటు ఎలా నడుస్తోందో తెలిసింది. వచ్చిన ఆర్డర్లలో సగం రద్దయి ఉన్నాయి. రద్దు చేసింది బావే. జనం సైటులో సరుకు ఉందని చూసి డబ్బు కడుతున్నారు, మర్నాటికి వెనక్కి వెళ్ళిపోతోంది. వాళ్ళు రాసిన తిట్లు చదవలేక సగంలో ఆపేశాను. డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ నుంచి హెచ్చరిక కూడా వచ్చి ఉంది: రద్దులు ఇలాగే కొనసాగితే ఈ నెలాఖరుకి మీ ఖాతా మూసేస్తాం. ఖాతా మూస్తే ఆన్‌లైన్ కొట్టు మూసినట్టే. ఊళ్ళో బేరాలతో మేడ అద్దె కూడా రాదు. మాస్టరు ఈ వయసులో ఇంకో చోటికి ఎక్కడికి వెళ్తాడు?

కొట్టుకి వెళ్ళి ఇదేంటని అడిగితే, మాస్టరే మిషను ఆపి, కళ్ళజోడు తీశాడు. "బాబూ, మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. ప్రతి రకంలోనూ ఆఖరి జతకి సరిపడా గుడ్డ తీసి లోపలి అల్మరాలో పెడుతున్నారు మీ బావగారు. దానిమీద నన్ను కత్తెర వెయ్యనివ్వడం లేదు."

అల్మరా తెరిచాను. కింద నుంచి పైదాకా మడతపెట్టిన గుడ్డలు. పాత రకాలు మిల్లువాళ్ళు మళ్ళీ నెయ్యరు. కొత్త రకాల సరుకేమో వచ్చిన కట్టలు వచ్చినట్టే మూలన పడి ఉంది.

"ఏంటి బావా ఇది?" అన్నాను.

"ఒక్కటన్నా ఉంటే పేజీ పోదని నువ్వే కదరా చెప్పావు" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. పేజీతో పాటే అక్క చెయ్యి కూడా పోతుందని కాసేపటికి తట్టింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఫోటోలన్నీ నీ ఫోన్లో వేసిస్తాను బావా. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకో" అన్నాను.

"ఫోన్లో అయితే నేనొక్కణ్ణే చూస్తాను." కంప్యూటరు తెర నావైపు తిప్పాడు. ఒక లేత పసుపు కర్టెన్, దానిలోంచి అక్క వేళ్ళు, పక్కన నేను పెట్టిన అంకె. "చూడు, ఇప్పుడు నలుగురు చూస్తున్నారు."

రోజంతా కొట్లో కూర్చుని అతను చేస్తున్నది అదే. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట అక్క చేతిని చూస్తూ ఉండాలి, అంతే. ఆ అంకె సగం అబద్ధమని, సైటు సందడిగా కనిపించడానికి నేనే ఒకటో రెండో కలిపానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అయినా ఊరుకోలేదు. బట్టల షాపువాడి దగ్గర బొమ్మ తాలూకు ప్లాస్టిక్ చెయ్యి అడిగి తెచ్చి, కర్రకి కట్టి, కొత్త గుడ్డ వెనక నిలబెట్టి ఫోటో తీశాను. సైటులో పెట్టిన రోజే ఒకావిడ రాసింది: 'ఆ చెయ్యి చూసి మా పాప జడుసుకుంది.' మాస్టరు చాలా రోజుల తర్వాత నవ్వాడు. బావ మాత్రం ఆ చేతిని కర్ర నుంచి విప్పి, జాగ్రత్తగా కాగితంలో చుట్టి, "ఇచ్చెయ్ రా" అన్నాడు.

ఆ వారంలోనే నీలం కర్టెన్ గొడవ వచ్చింది. చీకటి కోసం మందంగా నేసిన ముదురు నీలం గుడ్డ. నగరంలో పన్నెండో అంతస్తులో ఉండే ఒక మేడం దానికి ఆర్డర్ పెట్టింది. బావ రద్దు చేశాడు. ఆవిడ మళ్ళీ పెట్టింది. మళ్ళీ రద్దు. మూడోసారీ అదే తంతు. నెలాఖరు దగ్గరపడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"దీనిదైనా ఇచ్చెయ్ బావా. ఈ ఫోటోలో అసలేముంది? ఉత్త నీలం గుడ్డ. చెయ్యి లేదు, ఏమీ లేదు."

"ఉంది."

"ఎక్కడ?"

"వెనకాల నిలబడి ఉంది" అన్నాడు బావ. "చెయ్యి ఎత్తే ఉంచింది. కనపడుతోందా అని అడిగింది. లేదన్నాను. తీసింది నేనే కదరా, నాకు తెలియదా?"

నేను తానుల మధ్యకి వెళ్ళి, దేనికోసమో వెతుకుతున్నట్టు కాసేపు నిలబడ్డాను.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. బావ చేతుల్లో ఎప్పుడూ టేపో గుడ్డో ఉంటుంది కాబట్టి ఫోన్ స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచుతాడు. మాకందరికీ వినిపించింది.

"ఏమండీ, ఆ నీలం కర్టెన్ మూడోసారి పెట్టాను, మూడోసారీ క్యాన్సిలైంది. మీ సైటేమో ఉందంటోంది. ఉందా, లేదా?"

"ఉందండీ."

"ఉంటే పంపరేం? ఆటలుగా ఉందా మీకు?"

బావ చేతిలోని గుడ్డ మడతపెట్టాడు. ఆవిడ నిప్పులు చెరుగుతూనే, "ఇదివరకు ఒక మేడం మాట్లాడేవారు. ఆవిడకివ్వండి. ఆవిడైతే ఉన్నమాట చెప్తారు" అంది.

నేను ఫోన్ అందుకోబోయాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిడ..." అని ఆగాడు. 'ప్రస్తుతం లేరండీ' అంటాడని చూస్తున్నాను. "ఆవిడ చనిపోయిందండీ. నా భార్య. చనిపోయింది." రెండోసారి తనకి తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

అవతల నుంచి, "అయ్యో, నాకు తెలియదండీ" అంది. గొంతు తగ్గిపోయింది. "పోయినేడు మా అమ్మాయి గదికి ఏది కొనాలో ఆవిడే చెప్పారు." ఆ వెంటే, "మరి... ఆ కర్టెన్ వస్తుందాండీ? మా ఆయనకి రాత్రి డ్యూటీలు. పగలు వెలుతురుకి నిద్ర పట్టక మనిషి చిక్కిపోతున్నాడు" అంది.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. బావకి రాలేదు. మెడలో టేపు సరిచేసుకుని, పెన్సిలు తీసుకున్నాడు.

"వస్తుందండీ. కొలత ఇంకోసారి చెప్పండి. పై రాడ్డు నుంచి నేల దాకానా, కిటికీ మటుకేనా?"

ఆవిడ చెప్పింది, బావ రాసుకున్నాడు. పక్కల నుంచి వెలుతురు రాకుండా కాస్త వెడల్పు ఎక్కువ తీసుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఫోన్ పెట్టేశాక లోపలికి వెళ్ళి నీలం గుడ్డ తెచ్చి మాస్టరు బల్లమీద పరిచాడు. మాస్టరు సుద్దతో గీత గీసి, కత్తెర తీసి, బావ వైపు చూశాడు.

"వెయ్యండి మాస్టారూ" అన్నాడు బావ. నాతో, "మిగతావాటికి కూడా ఆర్డర్ వచ్చింది వచ్చినట్టు పంపెయ్ రా" అన్నాడు.

నేను కంప్యూటరులో ఆర్డర్ ఖాయం చేశాను. బావ వచ్చి నా భుజం వెనక నిలబడ్డాడు. నీలం పేజీ పోయింది. కర్టెన్ల వరసలో దాని తర్వాత ఉన్న ఆకుపచ్చది జరిగి దాని చోట్లోకి వచ్చింది, దాని వెనకున్నవి కూడా ఒక్కో గడి ముందుకి వచ్చాయి. క్షణం కూడా పట్టలేదు.

"ఖాళీ కూడా ఉంచలేదేంట్రా?" అన్నాడు బావ.

ఖాళీ కనిపిస్తే కొనేవాళ్ళు వెళ్ళిపోతారని నేనే అలా రాశాను. ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగేసరికి బావ నేలమీద కూలబడి ఏడుస్తున్నాడు. మాస్టరు మిషను ఆపాడు. నేను కుర్చీలోంచి దిగి బావ పక్కన కూర్చున్నాను.