లతీఫ్ చిలంచి

దేవరకొండలో ఇప్పటి పిల్లలకు చిలంచి అంటే తెలియదు. విందుకు కూర్చున్నవాళ్ల చేతులు కడిగించే వెడల్పాటి గిన్నె అది. పైన చిల్లుల మూత ఉంటుంది. పడ్డ నీళ్లు పడ్డట్టే లోపలికి జారిపోతాయి, మురికి కంటికి కనబడదు. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ముస్లిం ఇంట పెళ్లయినా లతీఫ్ చిలంచి ఉండాల్సిందే. గిన్నె సాగగొట్టి తగరంతో కలాయి పూసేది లతీఫే, కాదనను. కానీ అందరూ మురిసిపోయే ఆ మూత మీది పూలూ తీగలూ ఆయన భార్య ఖమర్ కొట్టినవి. ఇనుప మొల, చిన్న సుత్తి పట్టుకుని ఒక్కొక్క చిల్లే కొట్టేది. ముప్పై ఏళ్లు ఆ మెచ్చుకోళ్లన్నీ లతీఫే అందుకున్నాడు. ఇంట్లో కూర్చున్న మనిషి గురించి ఎవరడిగారు గనుక!

తర్వాత ఫంక్షన్‌హాళ్లలో వాష్‌బేసిన్లు వచ్చాయి. చిలంచి కావాలనేవాళ్లే లేకుండా పోయారు. ఖమర్‌కు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది.

అలాంటి రోజుల్లో ఫహీం వచ్చాడు. ఫంక్షన్లకు సామాను కిరాయికిచ్చే కుర్రాడు.

"చాచా, చాక్లెట్ ఫౌంటెన్ తెచ్చిన. పిల్లలు బిస్కెట్లు ముంచుకుంటుంటే చుక్కలన్నీ తెల్లగుడ్డ మీద పడుతున్నయ్. హాలోళ్లు మస్తు తిడుతున్నరు. కింద పెట్టనీకి ఒక పళ్లెం గిట్ల చేసియ్యరాదు?"

మంచం మీది నుంచి ఖమర్ అంది. "గది చిలంచే కదా. మూత నేను కొడ్త."

లతీఫ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. అటక మీది పాత రాగి తాంబాళం దించి, అంచు పైకి లేపి, కలాయి పూశాడు. నడుమ ఫౌంటెన్ నిలిచేందుకు దిమ్మ బిగించి, దాని చుట్టూ వచ్చేలా మూత కత్తిరించాడు. ఆయన మొల పట్టుకుంటే ఖమర్ ఎడమచేత్తో సుత్తి వేసేది. మొల ఎక్కడ పెట్టాలో ఆమే చెప్పేది. రోజుకు పది చిల్లులు పడితే గొప్ప. రెండు దెబ్బలు లతీఫ్ బొటనవేలి మీదే పడ్డాయి. చాక్లెట్‌కు బదులు బెల్లం పాకం పోసి చూస్తే చిల్లుల్లో చిక్కుకుంది. ఖమర్ విసుక్కోకుండా అన్నిటినీ మళ్లీ పెద్దవి చేసింది. పువ్వులు కొంచెం వంకర పోయాయి. అయినా పువ్వులే.

"గీసారి ఎవలన్న అడిగితే నా పేరు చెప్పుర్రి" అంది చివరి చిల్లు కొట్టాక.

"చెప్పకుంటనా!" అన్నాడు లతీఫ్.

మర్నాడు మధ్యాహ్నం ఫంక్షన్‌హాల్లో వలీమా, పెళ్లి తర్వాత పెళ్లికొడుకువాళ్లిచ్చే విందు. లతీఫ్ కూడా వెళ్లాడు. ఫౌంటెన్ నుంచి చాక్లెట్ జారుతోంది, చుక్కలు పువ్వుల మీద పడి మాయమవుతున్నాయి. రిటైరైన టీచర్ నదీం సాబ్ వచ్చి కింద ఉన్నది చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ దాని మీదకు చాపి, నీళ్లు పోసేవాళ్ల కోసం నిలబడ్డాడు. కుర్రకారు గొల్లుమంది. పెద్దాయన తనూ నవ్వేసి, వంగి, పూల మీద వేలు రాశాడు.

"ఎవరు చేసిన్రు గిది?"

ఫహీం లతీఫ్‌ను చూపించాడు.

"నువ్వేనా లతీఫ్! ఏం చెయ్యి నీది!"

లతీఫ్ చేయి అలవాటుగా నుదుటి దాకా లేచి సలాం చేసింది. ఖమర్ పేరు మాత్రం చెప్పలేదు. నదీం సాబ్ బిర్యానీ బల్లల వైపు వెళ్లిపోయాడు. వెంట పోయి ఒక్క మాట చెబితే సరిపోయేది. నలుగురిలో 'నేను కాదు' అనడానికి సిగ్గుపడి పోలేదు. ఇందులో ఆయన్ని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి ఖమర్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎవలన్న అడిగిన్రా?"

"నదీం సాబ్ అడిగిండు. నీ పేరే చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏం చెయ్యి ఆమెది, అన్నడు."

ఖమర్ సగం నోటితో నవ్వింది. ఆ వారంలో మూడుసార్లు ఆ మాటే మళ్లీ చెప్పించుకుంది. చెప్పిన ప్రతిసారీ లతీఫ్ లోపల చచ్చిపోయాడు. ఆ ఏడు రంజాన్ రాకముందే ఆమె కన్నుమూసింది.

ఆమె పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక లతీఫ్ నదీం సాబ్ ఇంటికి వెళ్లాడు. "గా దినం మీరు మెచ్చుకున్న చిలంచి మీది పూలు నేను కొట్టలే సాబ్. మా ఖమర్ కొట్టింది. ఎడమచేత్తోని" అన్నాడు. కళ్లు తుడుచుకుని మొత్తం చెప్పాడు.

పెద్దాయన నుదురు రుద్దుకున్నాడు. ఆయనకు ఆ మధ్య మతిమరుపు ముదిరింది.

"ఏ చిలంచి లతీఫ్? నాకు యాదికి లేదు. జర ఛాయ్ తాగు" అన్నాడు. లతీఫ్ కప్పు అందుకున్నాక, ఏదో తట్టినట్టు ఆయన ముఖం వెలిగింది. "అయినా, నీ చెయ్యి మస్తు మంచిది."

ఈసారి లతీఫ్ సలాం చేయలేదు. కప్పు కింద పెట్టి, "నాది కాదు సాబ్" అంటూ మళ్లీ మొదటి నుంచి చెప్పసాగాడు.